వెదురు తినే రెడ్ పాండా, మన కాలవలో నీటికుక్క

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పదిహేను రోజులుగా మీ పిల్లలు ఇంట్లో రెడ్ పాండా, రెడ్ పాండా అని ఒకటే గోల చేస్తున్నారని సాయంత్రం గేటు దగ్గర కొందరు అమ్మలు చెప్పారు. ఐదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ల నాన్నగారి చేత పాత తడికలోంచి వెదురు బద్ద తీయించుకుని మరీ బడికి తెచ్చింది. అసలు సంగతేమిటో ఈ నెల ఉత్తరంలో మీకు చెప్పాలి.

మొదలైంది ఒక వీడియోతో. ఇంట్లో ఫోన్లో చూసిందాని గురించి ఒక పిల్లాడు క్లాసులో చెప్పాడు. ఎర్ర బొచ్చు జంతువు ఒకటి మనిషిని చూడగానే వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు రెండూ పైకెత్తిందట. "హ్యాండ్సప్ అంటందండీ మేడమ్‌గారూ" అని లేచి చేసి చూపించాడు. క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం దాని గురించి చదివితే తెలిసింది, రెడ్ పాండా అలా లేచి నిలబడేది బెదిరినప్పుడట. తాను పెద్దగా కనబడితే ఎదుటివాడు వెనక్కి తగ్గుతాడని దాని ఆశ. మర్నాడు ఈ మాట చెప్పగానే పిల్లాడి మొహం చిన్నబోయింది. కాసేపాగి, "మరి దానికి ఇంకా ఏమేం భయాలుంటాయండీ?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని రెండు వారాలు నడిచాం.

ముందు అదెంత ఉంటుందో పిల్లలకు తెలియాలి. ఐదు కిలోల బియ్యం సంచీ ఒకటి తెప్పించి అందరి చేతా ఎత్తించాను. పెరిగిన రెడ్ పాండా బరువు సుమారుగా అంతే, మూడు నుంచి ఆరు కిలోలు. తలతో కలిపి ఒళ్లు రెండడుగులుంటే తోక అడుగున్నర దాకా ఉంటుంది. తోక మీద లేత, ముదురు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. చలి ఎక్కువైతే ఆ తోకనే మొహం మీదికి దుప్పటిలా లాక్కుని పడుకుంటుంది. అరికాళ్లకు కూడా బొచ్చే. మొహం తెలుపు, కళ్ల కింద నుంచి నోటి దాకా కన్నీటి చారలా ఎర్రటి గీతలు. వీపు ఇటుక రంగు, పొట్ట, కాళ్లు మాత్రం నల్లన.

ఇంత ఎర్రగా ఉంటే పులి కంట పడదా అని అడిగారు. అది ఉండే చెట్ల కొమ్మలకు ఎర్రటి నాచు, తెల్లటి లైకెన్ పట్టి ఉంటాయి. మనం బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. మర్నాడు నలుగురు పిల్లలు వంటింట్లోంచి రాతిపువ్వు పొట్లాలు కట్టుకొచ్చారు. అడక్కుండా డబ్బాలు ఖాళీ చేసినందుకు ఆ అమ్మలు నన్ను మన్నించాలి. ఆ కొమ్మల మధ్య ముడుచుకుని పడుకుంటే దాన్ని పోల్చుకోవడం కష్టం. కింద నుంచి చూస్తే నల్లటి పొట్ట నీడలో కలిసిపోతుంది.

పిల్లలు మరిచిపోలేనిది బొటనవేలి పాఠం. ప్రతి పిల్లకూ కుడి బొటనవేలిని గుడ్డపేలికతో అరచేతికి కట్టేసి అరటిపండు ఇచ్చాం. ఆ ఒక్క చేత్తో పట్టుకుని తొక్క తీయమన్నాం. చక్కెరకేళీలు కిందపడ్డాయి, నలిగాయి, కొందరు పళ్లతో పని కానిచ్చారు. రెడ్ పాండా కాలికి అయిదు వేళ్లూ ఒకే వైపు ఉంటాయి, మన బొటనవేలిలా ఎదురు తిరిగి పట్టే వేలు లేదు. ఆ లోటు తీర్చేది మణికట్టు దగ్గరి ఎముక. అది ముందుకు పెరిగి వేలిలాంటి బుడిపె అయింది. దాని దన్నుతో వెదురు కొమ్మను గుప్పిట పట్టి, ఆకులు నోటితో తెంపుకుంటుంది. ఇది చెప్పాక ఒక పాప కట్టు విప్పుకోకుండానే మణికట్టు కింద సుద్దముక్క ఆనించి పట్టుకుని పలక మీద అ, ఆ రాసింది. నా ఇన్నేళ్ల పనిలో ఒక పాఠం అంత చప్పున చేతికి అందడం అరుదుగా చూశాను.

ఇక తిండి. దాని ఆహారంలో పదింట తొమ్మిది వంతులకు పైగా వెదురే, లేత ఆకులు, మొలకలు. అప్పుడప్పుడు పళ్లు, గింజలు, పక్షి గుడ్లు. చిత్రమేమిటంటే దాని పేగులు మాంసం తినే జంతువుల పేగులు. మన గేదె ఎండుగడ్డి మేసి, నెమరేసి, దాంట్లోంచి సారం బాగా తీసుకుంటుంది. రెడ్ పాండాకు ఆ ఏర్పాటు లేదు. తిన్న వెదురులో దాదాపు నాలుగో వంతే ఒంటబడుతుంది. అందుకే తన బరువులో 20 నుంచి 30 శాతం దాకా రోజూ తినాలి, అంటే మన బియ్యం సంచీ అంత జంతువుకు కిలో నుంచి కిలోన్నర ఆకు. రోజుకు 13 గంటల దాకా తిండి పనే. మిగతా వేళ కదలకుండా పడుకుని ఒంట్లో శక్తి దాచుకుంటుంది. చాలామంది దాన్ని బద్ధకమంటారు. నాకు మాత్రం చాలీచాలని ఆదాయంలో ఇల్లు గుట్టుగా నడుపుకొచ్చే మనిషి గుర్తొస్తుంది.

వెదురంటే మన పిల్లలకు బుట్ట, చేట, నిచ్చెన, పడవ గెడ. మారేడుమిల్లి వెళ్లొచ్చినవాళ్లకైతే బొంగులో చికెన్. "మన దగ్గరా వెదురుంది కదా, ఇక్కడికి తెచ్చేద్దాం" అన్నారు ఒకరిద్దరు. దానికి పటం తీశాం. నేపాల్, భూటాన్, మయన్మార్ ఉత్తరం, చైనా నైరుతి కొండలు, మన దేశంలో సిక్కిం, డార్జిలింగ్, అరుణాచల్ ప్రదేశ్. అక్కడ 2200 నుంచి 4800 మీటర్ల ఎత్తులో, ఫర్, రోడోడెండ్రాన్ చెట్ల కింద దట్టంగా వెదురు పెరిగే అడవులు దాని ఇల్లు. మన ఊరు సముద్రానికి పట్టుమని పది మీటర్ల ఎత్తు లేదు. మన రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తైన కొండ కూడా 1700 మీటర్లలోపే. 25 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మన రోహిణి కార్తె ఎండకు ఏమైపోతుందో పిల్లలే చెప్పారు.

అక్కడ కూడా సుఖంగా ఏమీ లేదు. రోడ్లు, పొలాల కోసం అడవి ముక్కలవుతోంది, ఊరకుక్కలు వెంటపడతాయి, వేరే జంతువులకు పెట్టిన ఉచ్చుల్లో ఇది పడుతుంది. వెదురు ఏళ్ల తరబడి పూయదు, పూసిందంటే చాలాసార్లు ఆ చుట్టుపక్కల వెదురంతా ఒక్కసారే ఎండిపోతుంది. అడవి ఒకే పట్టుగా ఉంటే పక్క కొండకు పోతుంది, ముక్కలైతే ఎక్కడికి పోతుంది? 2015లో ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. డార్జిలింగ్‌లోని జూ పార్కు వీటిని పెంచి అడవికి చేర్చే పని చేస్తోంది. 2003లో రెండింటిని సింగలీలా అడవిలో వదిలారు. ఆ జూ మన హైదరాబాదులో పుట్టిన, సరోజినీ నాయుడుగారి కూతురు పద్మజా నాయుడుగారి పేరు మీద ఉంది. ఆ మాటకు పిల్లలకంటే మా టీచర్లు ఎక్కువ సంతోషపడ్డారు.

పాండా అనే పేరు ముందు దీనిదే. ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్యూవియే 1825లో దీని గురించి రాశాడు. నలుపు తెలుపు పాండా సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది 1869లో. పెద్దది ఎలుగుబంటి వంశం. చిన్నది వేరే కుటుంబం, దానికి దగ్గర చుట్టాలు అమెరికా అడవుల్లో ఉండే రాకూన్లు, ముంగిసలా కనిపించే వీజిల్‌లు, నీటికుక్కలు. అవును, మన కోరింగ మడ అడవుల్లో, కాలవ గట్ల మీద తిరిగే నీటికుక్కలే. ఈ సంగతి చెప్పాక క్లాసులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు.

మిమ్మల్ని ఒకటి అడగాలి. చేపల చెరువు కౌలుకు తీసుకున్న నాన్నల ఇబ్బంది నాకు తెలుసు. నీటికుక్కల గుంపు ఒక రాత్రి దిగితే ఎంత నష్టమో అనుభవించినవాళ్లు చెప్పగా విన్నాను. గట్టు చుట్టూ వల కట్టండి, రాత్రి లైటు పెట్టండి. ఉచ్చు మాత్రం వేయవద్దు, మందు పెట్టవద్దు, పిల్లల ముందు రాళ్లు విసరవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెడ్ పాండాకూ నీటికుక్కకూ కూడా వర్తిస్తుంది.

సెప్టెంబరు మూడో శనివారం రెడ్ పాండా దినోత్సవం. ఆ రోజు ఉదయం పది గంటలకు బడికి రండి. ఒక్కో పిల్లా తన ఇంటి దగ్గర తిరిగే ఒక జంతువును చూసి, అది ఎలా ఉంటుంది, ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, దేనికి భయపడుతుంది అని కాగితం మీద రాసింది. హ్యాండ్సప్ చేసి చూపించిన పిల్లాడి కాగితం నా బల్ల మీద ఉంది: "మా రేవులో తెల్లారగట్ల మూడు నీటికుక్కలు కనపడ్డాయి. ఒకటి చేపని రెండు చేతులతో పట్టుకుని తల వైపు నుంచి తింది. తాతయ్య దగ్గితే మునిగిపోయాయి. నేను కదలకుండా కూర్చుంటే మళ్లీ వచ్చాయి."

ఇంట్లో పాత వెదురు సామాను ఏదున్నా తీసుకురండి, పిల్లలకు చూపించి ఇచ్చేస్తాం. లంకల నుంచి పడవ మీద వచ్చేవాళ్లు ఏరు ఉరవడిగా ఉంటే రావద్దు. మీ పిల్లల కాగితాలు సోమవారం ఇంటికే పంపిస్తాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు