సముద్రం అడుగున తూర్పు కనుమల రాయి

సంపాదకుడు గారికి,

లోతు సముద్రాన్ని శోధించే కేంద్ర పథకం డీప్ ఓషన్ మిషన్ గురించి ఎప్పుడు వార్త వచ్చినా నికెల్, కోబాల్ట్, మాంగనీసు గడ్డల మాటే ఉంటోంది. లేదంటే మనుషులను సముద్రం అడుగుకు తీసుకెళ్లే వాహనం మత్స్య 6000 ఎంత లోతుకు దిగుతుందన్న మాట. 2021లో కేంద్రం ఈ పథకానికి 4,077 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఖనిజాలు కావాలి, కాదనను. కానీ సముద్రం అడుగున గట్టిపడిన లావా రాయిని తొలిచి, దాని వయసూ రసాయన గుణమూ తేల్చే పనికి కూడా ఆ డబ్బులో వాటా ఉండాలి. ఆ పని మన తీరానికి ఎంత దగ్గరిదో చాలామందికి తెలియదు.

హిందూ మహాసముద్రానికి దక్షిణపు కొసన, అంటార్కిటికా వైపు, కెర్గెలెన్ పీఠభూమి ఉంది. పొడవు 2,000 కిలోమీటర్లకు పైనే, దాదాపు అంతా నీళ్ల కిందే. లావా పొర మీద పొర పేరుకుని ఏర్పడింది. 1998 డిసెంబరు, 1999 ఫిబ్రవరి మధ్య జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ అక్కడ బోర్లు వేసింది. పీఠభూమి నుంచి పడమటికి పొడుచుకొచ్చిన ఎలాన్ బ్యాంక్ దగ్గర, కిలోమీటరు లోతు నీళ్ల కింద, లావా పొరల నడుమ గులకరాళ్లు తగిలాయి. ఏదో నది దొర్లించుకొచ్చిన గులకరాళ్లు! వాటిలో గార్నెట్, బయొటైట్ అనే ఖనిజాలున్న నైస్ అనే చారల రాయి ముక్కలున్నాయి. అలాంటి రాయి సముద్రపు లావాలో పుట్టదు. ఖండాల అడుగున వేడికీ ఒత్తిడికీ మారిన పాత రాళ్లలోనే ఉంటుంది.

చుట్టూ ఉన్న లావా వయసు సుమారు 10.8 కోట్ల ఏళ్లు. గులకల్లోని జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజాల గింజలు అంతకంటే ఎంతో పాతవి, కొన్నయితే 200 కోట్ల ఏళ్లు దాటినవి. ఆ వయసులు మన తూర్పు కనుమల రాళ్లకు సరిపోతున్నాయని 2001లో పరిశోధకులు ప్రకటించారు. సింహాచలం, కైలాసగిరి కొండరాళ్లలో ఎర్రగా కనిపించే గింజలు గార్నెట్లే. ఎలాన్ బ్యాంక్ ఒకప్పుడు మన తూర్పు తీరానికి అతుక్కుని ఉండి, తర్వాత విడిపోయిందన్న వాదనకు ఆ గుప్పెడు గులకరాళ్లే పెద్ద ఆధారం.

ఈ వయసులు తేల్చడం ఓపికతో కూడిన పని. లావాలోని పొటాషియంలో కొంత మెల్లగా ఆర్గాన్ వాయువుగా మారుతుంది, ఆ ఆర్గాన్‌ను కొలిచే వయసు కడతారు. కోట్ల ఏళ్లు ఉప్పునీటిలో నానిన రాయిలోకి బయటి పొటాషియం చేరుతుంది, ఆ లెక్క తప్పుతుంది. అందుకే రాయిని పొడిచేసి, మైక్రోస్కోపు కింద ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు స్ఫటికాలను ఒక్కొక్కటిగా ఏరి, పట్టిన బంకమన్ను పోయేదాకా యాసిడ్‌తో కడుగుతారు. రసాయనంలోనూ ఇంతే: రుబీడియం లాంటి మూలకాలు నీటితో అటూఇటూ పోతాయి, టైటేనియం, జిర్కోనియం, నియోబియం కదలవు. నియోబియం తగ్గి, స్ట్రాన్షియంలో 87 అనే రకం నిష్పత్తి పెరిగితే లావా దారిలో ఖండపు రాతిని కలుపుకుని వచ్చిందన్న అనుమానం బలపడుతుంది. ఎలాన్ బ్యాంక్ లావాల్లో ఆ జాడ ఉంది.

ఒకసారి తీసిన రాయి ఎన్నేళ్లకైనా పనికొస్తుంది. పసిఫిక్‌లోని ఒంటాంగ్ జావా పీఠభూమి 12 కోట్ల ఏళ్లకు ముందే ఏర్పడిందని, అప్పట్లో సముద్రాల్లో ఆక్సిజన్ పడిపోవడానికి అదే కారణమని చాలాకాలం పాఠాల్లో ఉండేది. మెరుగైన యంత్రాలతో మళ్లీ కొలిస్తే 11.7 నుంచి 10.8 కోట్ల ఏళ్లని 2023లో తేలింది. దాంతో ఆ కారణం మీదే సందేహం వచ్చింది.

అదే జాయిడెస్ రిజల్యూషన్ 2006లో మన కృష్ణా-గోదావరి తీరానికీ వచ్చింది, గ్యాస్ హైడ్రేట్ల (మంచులో చిక్కుకున్న సహజవాయువు) కోసం. 2015లో అరేబియా సముద్రంలో మన శాస్త్రవేత్తలతో కలిసి లక్ష్మీ బేసిన్‌లో లావా రాయి దాకా తొలిచింది. 2024లో ఆ ఓడ సేవలు ఆగిపోయాయి. బోర్లు వేసే ఓడ జపాన్‌కు చిక్యూ ఉంది, చైనా మెంగ్‌షియాంగ్‌ను తెచ్చుకుంది. సొంత ఓడ కట్టుకోవడం మనకు ఇప్పట్లో కుదరకపోవచ్చు. విదేశీ ఓడల్లో మన వాళ్లకు చోటు కొనడం మాత్రం ఈ మిషన్ నిధులతో సాధ్యమే. తూర్పు తీరం ఎదుట లోతు నీళ్లలో, మట్టి పొరలు దాటి అడుగు రాయి దాకా వెళ్లే బోరు ఒక్కటైనా ప్రణాళికలో పెట్టాలి.

అంతకంటే చవకైన పని ఇంకొకటుంది. హిందూ మహాసముద్రంలో బోర్లు వేసి తీసిన కోర్లు (స్తంభాల్లాంటి రాతి, మట్టి నమూనాలు) జపాన్‌లోని కోచి కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. తగిన పరిశోధన ప్రతిపాదన పంపితే నమూనాలు ఇస్తారు. విశాఖ, హైదరాబాద్ యూనివర్సిటీల్లో భూగర్భశాస్త్రం చదివే పిల్లలకు ఫెలోషిప్, ప్రయాణ ఖర్చు, ల్యాబ్ రుసుము ఇస్తే చాలు, వచ్చే ఏడాదే మొదలుపెట్టొచ్చు. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ ఈ విషయాన్ని పరిశీలించాలని, మీ విలేకరులు కూడా అధికారులను దీని గురించి అడగాలని కోరుతున్నాను.

భూగర్భశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
విశాఖపట్నం