మురళికి ఉత్తరం: 86వ ‘అ’ దగ్గర ఆగిన సర్వర్

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన మురళీ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. అమ్మ ఆరోగ్యం కుదుటపడింది, పాప పరీక్షలు ముగిశాయి, ఇంటి అద్దె మళ్లీ పెరిగింది. మిగిలిన కబుర్లు వదినకు ఫోనులో చెబుతాను. మా ఆఫీసులో ఫైళ్లు సర్వర్‌లోకి ఎక్కనని మొరాయించిన వైనాన్ని మాత్రం నీకే చెప్పాలి, దాని రుచి తెలిసినవాడివి నువ్వొక్కడివే కనుక.

మా పని నీకు తెలిసిందే. చంద్రగిరి, పాకాల, దామలచెరువు వైపు మామిడి రైతుల కాగితాలను స్కాన్ చేసి, ఉద్యోగులందరం ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తాము. అది మా సొంత లినక్స్ సర్వర్ మీద నడుస్తుంది. ఈ మామిడి కాలంలో కొన్ని ఫైళ్లు చివరిదాకా వెళ్లి, సరిగ్గా ముగిసే క్షణాన ‘అప్‌లోడ్ విఫలమైంది’ అని ఎర్రటి అక్షరాలు చూపించి ఆగిపోవడం మొదలైంది.

అందరూ ముందు ఫైలు పరిమాణాన్నే అనుమానించారు. అది న్యాయమైన అనుమానమే. ఎవరూ అమరిక మార్చకపోతే, సర్వర్‌కు వచ్చేవాటిని ముందుగా అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్ 1 ఎంబీ దాటినదాన్ని తిప్పికొడుతుంది, సాఫ్ట్‌వేర్‌ను నడిపే పీహెచ్‌పీ 2 ఎంబీ దాటిన ఫైలును తీసుకోదు. అయితే వందల ఎంబీల తోటల వీడియోలు హాయిగా ఎక్కుతుండగా, అర ఎంబీ కూడా లేని దరఖాస్తు ఆగిపోతుంటే ఆ వాదన ఎలా నిలుస్తుంది? బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ పట్టీ తెరిచి చూశాను. సర్వర్ తన జవాబును ఒక సంఖ్యతో చెబుతుంది: పరిమాణం ఎక్కువైతే 413, అనుమతి లేకపోతే 403, చోటు నిండిపోతే 507 కనిపించాలి. కనిపించింది 500, అంటే లోపల ఏదో చెడిందని ఒప్పుకుని, ఏం చెడిందో చెప్పని సంఖ్య. మన హాస్టల్ వార్డెన్ ‘చూద్దాం నాయనా’ నీకు గుర్తుకు వచ్చే ఉంటుంది.

ఇంతలో సర్వర్ మరమ్మతులు చూసే కాంట్రాక్టరు వచ్చి, ‘తెలుగులో పేర్లు పెడితే ఇంతే సార్, ఇంగ్లీషులో పెట్టుకోండి’ అని తేల్చి చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది. మండినా, ఆ మాటలో సగం నిజం ఉందని గమనించక తప్పలేదు: ఆగిన ఫైళ్లన్నింటికీ తెలుగు పేర్లే ఉన్నాయి, కాని తెలుగు పేర్లున్న ఫైళ్లన్నీ ఆగలేదు. ఆ మిగిలిన సగం ఏమిటన్నదే నన్ను నిద్రపోనివ్వలేదు.

మా గుమాస్తా పెద్దాయన ఫైలుకు పేరు పెట్టడమంటే పెండ్లిపత్రిక అచ్చు వేయించినట్లే. రైతు పేరు, తండ్రి పేరు, గ్రామం, మండలం, సర్వే నంబరు, దరఖాస్తు దేనికోసమన్నది, అన్నీ ఉండాల్సిందే. సర్వర్ తన తప్పులను రాసుకునే లాగ్ తెరిస్తే అక్కడ ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అని స్పష్టంగా రాసి ఉంది. లినక్స్‌లో ఒక ఫైలు పేరుకు పరిమితి అక్షరాల్లో కాదు, కంప్యూటర్ నిల్వ కొలత అయిన బైట్లలో: 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. మన లిపిలో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా ఒక్కొక్కటీ, కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో, మూడేసి బైట్లు తింటాయి. ‘చంద్రగిరి’ కంటికి నాలుగక్షరాలే, సర్వర్‌కు 27 బైట్లు. విండోస్ లెక్క వేరు; అక్కడ మన గుర్తు ఒక్కొక్కటీ ఒకటిగానే లెక్కకు వస్తుంది కనుక పెద్దాయన కంప్యూటర్‌లో అదే పేరు ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుంది.

నమ్మకం కుదరక సర్వర్‌లోనే ఉత్త ‘అ’లతో ఖాళీ ఫైలు సృష్టించి చూశాను. 85 ‘అ’ల వరకు కిక్కురుమనలేదు, 86వది చేర్చగానే నిరాకరించింది. మురళీ, ఆ సంతోషం నీకు వేరే చెప్పాలా! అప్‌లోడ్ జరిగేటప్పుడు సాఫ్ట్‌వేర్ పేరు చివర తాత్కాలికంగా ఒక తోక తగిలిస్తుంది, అందువల్ల 80 గుర్తుల లోపే ఆగినవి కూడా ఉన్నాయి. ఆ తోక సంగతి ఇంకా... సరే, అది ఎదురుపడినప్పుడు చెబుతాను.

దీనికి ఇంగ్లీషు అవసరమే రాలేదు. 255 బైట్ల హద్దు ఒక్కొక్క పేరుకే తప్ప, ఫోల్డర్ల పేర్లన్నీ కలిసిన మొత్తం దారికి కాదు; మొత్తం దారికి లినక్స్ 4096 బైట్ల దాకా ఇస్తుంది. అందుచేత మండలానికి ఒక ఫోల్డరు, దానిలో గ్రామానికి ఒకటి, ఆ లోపల రైతు పేరు, సర్వే నంబరుతో ఫైలు. పెద్దాయన మొదట నొచ్చుకుని, ‘నా పేరులోంచి తండ్రిని తీసేయమంటారా’ అని అడిగారు. తండ్రి పేరుకూ చోటుంది, దరఖాస్తు విషయాన్ని వివరణ గడిలోకి మార్చితే చాలునని చూపించిన తరువాత శాంతించారు. పాత ఫైళ్లు ఇప్పుడు వరుసగా ఎక్కుతున్నాయి. కాంట్రాక్టరు బిల్లు మాత్రం, ‘భాషా సమస్య పరిష్కారం’ అనే పద్దుతో, నా బల్ల మీద ఉంది, సంతకం చేయలేదు.

ఒక చిక్కు మిగిలింది. ఈ ఫోల్డర్లను తిరిగి విండోస్ యంత్రాలలోకి దించుకుంటే అక్కడ పాత ప్రోగ్రాములకు మొత్తం దారి పొడవు 260 గుర్తులు దాటకూడదు, మా వాళ్లు ‘డెస్క్‌టాప్’లో ఫోల్డరులో ఫోల్డరు పెట్టే అలవాటు నీకు తెలుసు కదా, దానికి నేను ఏం ఆలోచించానంటే... కింద మా ఆఫీసు జీపు హారన్ మోగిస్తోంది, పాకాల వెళ్లాలి. వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ
శ్రీను