బంగారం రెండుసార్లు వెళ్లింది

సంపాదకుల వారికి,

ఏటా జూన్ 28న పీవీ నరసింహారావు జయంతికి పత్రికల్లో వ్యాసాలు వస్తాయి. లక్నేపల్లిలో పుట్టుక, వంగరకు దత్తత, మంథని నుంచి శాసనసభ, నంద్యాలలో 5 లక్షలు దాటిన మెజారిటీ, ఇవన్నీ సరిగానే రాస్తారు. 1991 నాటి డాలర్ల కరువు దగ్గరికొచ్చేసరికే తేదీలు కలగాపులగం అవుతాయి. ‘పీవీ రాగానే బంగారం తాకట్టు పెట్టి దేశాన్ని గట్టెక్కించారు’ అన్న వాక్యమే చూడండి. అందులో నిజం సగమే.

బంగారం రెండుసార్లు దేశం దాటింది. మొదటిసారి మే నెలలో, అంటే జూన్ 21న పీవీ ప్రమాణం చేయకముందే, ప్రధాని చంద్రశేఖర్ హయాంలో. అది రిజర్వు బ్యాంకు నిల్వ కాదు, స్మగ్లర్ల దగ్గర పట్టుబడి ప్రభుత్వం చేతిలో ఉన్న 20 టన్నులు. మళ్లీ కొనుక్కునే వీలు ఉంచుకుని స్టేట్ బ్యాంకు దాన్ని స్విట్జర్లాండ్ బ్యాంకుకు అమ్మింది. వచ్చింది సుమారు 20 కోట్ల డాలర్లు. దీన్ని తాకట్టు అనకూడదు, అమ్మకమే. అచ్చమైన తాకట్టు రెండోది. జూలై 4 నుంచి 18 లోపు నాలుగు విడతల్లో రిజర్వు బ్యాంకు సొంత బంగారం దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఖజానాకు చేరింది. కాగితం మీద పూచీ చాలదు, సరుకు తమ చేతికి రావాలని అప్పిచ్చేవాళ్లు పట్టుబట్టారు. దాని మీద ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకులు ఇచ్చింది 40 కోట్ల డాలర్లు. ఆ అప్పు అదే ఏడాది తీరిపోయింది. రెంటినీ ఒకటిగా కలిపేస్తే మొదటి నింద మోసిన చంద్రశేఖర్, ఆయన ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హాల పేర్లే మాయమవుతాయి.

రెండు వారాల దిగుమతులకు కూడా డాలర్లు చాలని స్థితిలో ఈ 60 కోట్లు ఊపిరి తీసుకోవడానికే సరిపోయాయి. అసలు మందు రూపాయి విలువ తగ్గించడం. అదీ ఒక్క దెబ్బతో కాదు. జూలై 1న దాదాపు 9 శాతం, మార్కెట్ ఎలా తీసుకుంటుందో చూసి 3న మరో 11 శాతం. 21 రూపాయల దగ్గరున్న డాలరు 26 దగ్గరకు వెళ్లింది. మొదటి విడతకే గగ్గోలు పుట్టడంతో పీవీ వెనకాడారు, రెండోది ఆపించమన్నారు. ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ తనకు ఫోన్ చేసేసరికే ప్రకటన వెలువడిందని అప్పటి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్ తర్వాత చెప్పారు. ధైర్యశాలి బొమ్మకు ఈ సంగతి అతకదని కాబోలు, జయంతి వ్యాసాల్లో కనపడదు.

పీవీ ముద్ర స్పష్టంగా కనిపించేది పరిశ్రమల విధానంలో. ఆ శాఖ ఆయన వేరెవరికీ ఇవ్వలేదు, తన దగ్గరే పెట్టుకున్నారు. జూలై 24న బడ్జెట్‌కు కొన్ని గంటల ముందు సహాయ మంత్రి పి.జె. కురియన్ చేత ఆ ప్రకటన సభ ముందు పెట్టించారు. మర్నాడు పతాక శీర్షికలన్నీ బడ్జెట్‌కే పోయాయి. ప్రకటన మొదటి పేరాలు తీసి చదవండి, అంతా నెహ్రూ ఆశయాల కొనసాగింపే. లోపలికి వెళ్తే 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు అక్కర్లేదు, 34 పరిశ్రమల్లో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడికి దానంతటదే అనుమతి. పాత సీసాలో కొత్త మందు అంటారే, అది. లైసెన్సు నిలిచిన ఆ 18లో పంచదార, సిగరెట్లు, కార్లతో పాటు కాగితం, న్యూస్‌ప్రింట్ కూడా ఉన్నాయి. లైసెన్స్ రాజ్ ఒక్క రోజులో ఖతమైందని రాసేవాళ్లు ఆ జాబితా ఒకసారి చూడాలి.

ముఖ్యమంత్రిగా ఆయన తెచ్చిన భూసంస్కరణల చట్టం గురించి కూడా ఒక మాట. 1972 మే 2 నుంచి భూముల బదిలీలను కట్టడి చేసి, ఆ తర్వాత మాగాణి 10 నుంచి 27, మెట్ట 35 నుంచి 54 ఎకరాల గరిష్ఠ పరిమితితో చట్టం చేశారు. దానిపై భూస్వాముల కోపం ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమంలో కలిసిన మాట నిజమే. కానీ ఉద్యమం భగ్గుమన్నది తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పాకే. 1973 జనవరిలో ఆయన పదవి పోయింది. చట్టం అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న, ముఖ్యమంత్రి జలగం వెంగళరావు హయాంలో. అప్పటికే చాలా భూమి బంధువుల పేర్ల మీదకు, పాత తేదీల కాగితాల్లోకి వెళ్లిపోయింది. 1977 సవరణతో మేజరు కొడుకుల వాటా కూడా కలిసి పరిమితి ఇంకా పెరిగింది. ఎకరాల అంకెలు వేసేటప్పుడు ఆ సవరణను కూడా ఒక్క లైనులో వేయండి, పరిమితికి మించిన మిగులు భూమి అంత తక్కువ ఎందుకు తేలిందో పాఠకులకే అర్థమవుతుంది.

– విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ