కిలిమంజారో విభాగం – వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం తీసుకున్న ముఖ్య నిర్ణయం: ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ ఎక్కే మరంగు దారిలో 5 రోజుల ప్యాకేజీకి ఇకపై ఎవరినీ పంపం. వెళితే 6 రోజులు, లేదంటే వద్దు. ఖర్చు పెరుగుతుందని కొందరు సభ్యులు అడిగారు కాబట్టి కారణం వివరంగా చెబుతున్నాం.

ఆ దారిలో మందారా బస 2,720 మీటర్లు, హొరోంబో 3,720, కిబో 4,720. అంటే రోజుకు వెయ్యి మీటర్ల ఎక్కుడు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెప్పే లెక్క. 5 రోజుల వాళ్ళు కిబో చేరిన అర్ధరాత్రే కొండ కొస అయిన 5,895 మీటర్ల ఉహురు శిఖరానికి బయల్దేరాలి. తలనొప్పి, వాంతులు మొదలయ్యేది అక్కడే. 6 రోజుల వాళ్ళు హొరోంబోలో ఇంకో రాత్రి ఉంటారు. పగలు 4,000 మీటర్ల దగ్గరున్న జీబ్రా రాక్స్ దాకా నడిచి, కిందికొచ్చి పడుకుంటారు. ఒంటికి ఆ ఒక్క రోజు ఎంతో మేలు.

భువనగిరి గుట్ట మీద సాధన కాళ్ళకు బలమిస్తుంది, పలచని గాలిని మాత్రం అలవాటు చెయ్యదు. దమ్మున్న కుర్రాళ్ళే వేగంగా నడిచి ముందు పడిపోతుంటారు. గైడ్లు 'పోలే పోలే' (మెల్లగా, మెల్లగా) అని చెబితే వినండి. ఎత్తు పడక వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్రను డాక్టరును అడిగే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

కిబోలో నీళ్ళుండవు. దారిలో చివరి నీటి చోటు నుంచి పోర్టర్లు మోసుకొస్తారు, కాబట్టి అక్కడ ప్రతి చుక్కా వాళ్ళ చెమటే. ఒక్కో పోర్టరు మోసే బరువు 20 కిలోలు దాటకూడదు, గేటు దగ్గర కాటా ఉంటుంది. మన సంచిలో జీన్సు ప్యాంట్లు, పచ్చడి సీసాలు కుక్కడం ఇకనైనా మానాలి.

శిఖరానికి వెళ్ళే రాత్రి, వీపున ఉండే నీళ్ళ సంచి గొట్టంలో నీళ్ళు గడ్డకడతాయి. తాగిన ప్రతిసారీ నోటితో గాలి ఊది నీళ్ళను వెనక్కి పంపండి. బాటిల్‌ను తలకిందులుగా పెట్టండి, మంచు పైభాగానే కడుతుంది కాబట్టి మూత తెరుచుకుంటుంది. టార్చి బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో ఉండాలి. అర్ధరాత్రి బయల్దేరడానికి ఇంకో కారణమూ ఉంది: చలికి బిగిసిన రాళ్ళపొడి మీద అడుగు నిలుస్తుంది, ఎండెక్కితే జారుతుంది.

తడబడే నడక, తికమక మాటలు, కూర్చున్నా ఆగని ఆయాసం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే దించాలి. శిఖరానికి కాస్త కింద, 5,685 మీటర్ల గిల్మన్స్ పాయింట్ దగ్గర ఉన్నా సరే. మందు వేసి పైకి నడిపించడం ప్రాణాలతో చెలగాటం.

దిగేటప్పుడు ఒకే రోజు ఉహురు నుంచి హొరోంబోకు 2,000 మీటర్లకు పైగా దిగాలి. బూటు ముందుభాగానికి వేళ్ళు కొట్టుకుని గోళ్ళు నల్లబడతాయి. ముందురోజే గోళ్ళు కత్తిరించుకుని, చీలమండ దగ్గర లేసు బిగించి కట్టుకోవాలి.

మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబరులో చిన్న వానలు. వచ్చే ఏడాది బృందం జనవరి–ఫిబ్రవరిలో గానీ, జూన్–అక్టోబరు మధ్య గానీ వెళ్తుంది. పేరిచ్చే ముందు బూట్లు కొని, రెండు నెలలు అవే వేసుకుని నడవండి.