సీసీ ఫుటేజీలో నంబర్ ప్లేటు ఎందుకు చెరిగిపోతోంది?

సంపాదకులకు,

దొంగతనం జరిగిన ప్రతిసారీ ‘ఫుటేజీలో బండి నంబరు కనబడలేదు, కెమెరాలు నాసిరకం’ అన్న మాట వింటున్నాం. కెమెరా బాగున్నా రికార్డింగు సెట్టింగుల వల్ల నంబరు చెరిగిపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువగా చేరే సంస్థలు ఫుటేజీని 30 రోజులు దాచాలంటుంది. అపార్ట్‌మెంట్లవాళ్లూ ఆ లెక్కే పట్టుకున్నారు. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే ఒక్క కెమెరాకు రోజుకు 43 జీబీ, నెలకు 1.3 టీబీ. పదహారు కెమెరాలకు 20 టీబీ దాటుతుంది. కొన్నదేమో 4 టీబీ డిస్కు! దాంతో బిట్‌రేటును, అంటే సెకనుకు రాసే డేటాను, 512 కిలోబిట్లకు దించేస్తారు. నెల ఫుటేజీ 2.7 టీబీలో సర్దుకుంటుంది, నంబరు మాత్రం పోతుంది.

ఎలాగంటే, 1080పీ వీడియో కుదించకుండా ఉంటే సెకనుకు 622 మెగాబిట్లు. దాన్ని కుదించే హెచ్.264 ఎన్‌కోడర్ ఫ్రేమును (వీడియోలోని ఒక్కో బొమ్మను) 16×16 పిక్సెళ్ల గడులుగా విడదీసి, ఒక్కో గడికి పాత ఫ్రేములో పోలిక వెతుకుతుంది. ఎటు ఎంత జరిగిందో, ఇంకా ఏం తేడా మిగిలిందో అంతే రాసుకుంటుంది. అటూ ఇటూ 16 పిక్సెళ్ల మేర గాలించాలంటే గడికి 1,089 చోట్లు చూడాలి, ఫ్రేముకు 8,160 గడులు. చవక చిప్ వాటిలో కొన్నే చూసి సరిపెట్టుకుంటుంది. పగలు దీనివల్ల పెద్ద నష్టం లేదు. రాత్రి వెలుతురు చాలక సెన్సర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచి చూపే స్థాయి) పెరిగి, ఖాళీ గోడ మీద కూడా చీమలు పాకినట్టు చుక్కలు కదులుతాయి. వాటికి పాత ఫ్రేములో పోలిక దొరకదు కాబట్టి బిట్లన్నీ గోడకే ఖర్చవుతాయి. పరిమితి దాటకూడదని ఎన్‌కోడర్ మిగిలిన తేడాలను మొరటుగా గుండ్రం చేస్తుంది. ప్లేటు మీది అంకెల అంచులు ఉండేది ఆ తేడాల్లోనే. ఇక 8కీ 3కీ తేడా తెలియదు.

‘స్మార్ట్ కోడెక్’ (కోడెక్ అంటే వీడియోను కుదించే పద్ధతి) ఆన్ చేస్తే సరిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. కదిలే వస్తువును వేరుచేసి దానికే ఎక్కువ బిట్లివ్వడం దాని పని. 1999 నాటి ఎంపెగ్-4 అనే వీడియో ప్రమాణం వస్తువును ఆకారంతో సహా కోడ్ చేసే ఏర్పాటు పెట్టింది. కానీ అంచులు తప్పుల్లేకుండా కత్తిరించడం కుదరక వాడుకలోకి రాలేదు. ఇప్పటి కెమెరాలు ఉజ్జాయింపుగా పెట్టె గీసి పని కానిస్తాయి. వేపకొమ్మ ఊగినా, హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద పడినా వస్తువే అనుకుంటాయి. గేటు దగ్గర కాసేపు ఆగిన బండిని మాత్రం నేపథ్యంలో కలిపేస్తాయి. గేటు కెమెరాలో దీన్ని ఆపేయడమే మేలు.

రెండు గేట్ల కెమెరాలకు 4 మెగాబిట్లు, మిగతా పద్నాలుగింటికి 1 మెగాబిట్ చొప్పున ఇస్తే నెలకు 7.1 టీబీ. 8 టీబీ డిస్కు చాలు. పాత ఫ్రేముతో పోల్చకుండా పూర్తిగా రాసే ఐ-ఫ్రేము రెండు సెకన్లకొకటి ఉండాలి. గంటకు 20 కి.మీ. వేగంతో వచ్చే బైకు 1/25 సెకను షట్టర్ తెరిచి ఉన్నంతలో 22 సెం.మీ. జరిగిపోతుంది, దాన్ని ఏ కోడెక్కూ కాపాడలేదు. 1/500 పెట్టి గేటు దగ్గర మంచి లైటు వేయించాలి. రాత్రి చుక్కలను తగ్గించే నాయిస్ రిడక్షన్ మధ్యస్థంగా ఉంచాలి, మరీ పెంచితే బండి వెనక దెయ్యపు నీడలు సాగుతాయి.

పోలీసులకు ఇచ్చేది రికార్డర్ నుంచి తీసిన అసలు ఫైలే కావాలి. వాట్సాప్‌లో పంపితే మళ్లీ కుదించుకుపోతుంది. ఏఐ యాప్‌తో పదును పెడితే వచ్చే అంకె యాప్ ఊహించినదే.

టెండర్లలో మెగాపిక్సెళ్లు, రోజులతో పాటు ఒక్కో కెమెరా బిట్‌రేటునూ రాయించాలి. ఇన్‌స్టాలర్‌కు మిగిలిన డబ్బు ఇచ్చేముందు రాత్రిపూట గేటు ముందు బైకు నడిపించి, లైవ్ తెర మీద కాకుండా రికార్డయిన దాంట్లో నంబరు చదివి చూడాలి.

– ఒక వీడియో ఇంజినీర్, హైదరాబాద్