పాత కోర్టుకూ ఆరు నెలల గడువు ఇవ్వండి

సంపాదకుడు గారికి,

ముప్ఫై ఏళ్లు కోర్టులో పనిచేసి బెంచ్ క్లర్కుగా రిటైరైనవాణ్ని. మా అమ్మాయి అమెరికాలో డాలస్‌లో ఉంటోంది. ఈసారి వెళ్లినప్పుడు దక్షిణాన ఉన్న వాక్సహాచీ అనే చిన్న ఊరికి తీసుకెళ్లమన్నాను. "ఇంత దూరం వచ్చీ కోర్టేనా మామయ్యా?" అని అల్లుడు నవ్వాడు.

అది ఎల్లిస్ కౌంటీ కోర్టు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. జేమ్స్ రైలీ గోర్డన్ ప్లాను గీస్తే 1897లో పూర్తయింది. ఎర్ర ఇసుకరాయి, గులాబీ గ్రానైటు. వసారా స్తంభాల మీద రాతి ముఖాలున్నాయి. ఒకటి చక్కటి అమ్మాయిది. మరికొన్ని నోరు వంకరపోయి, పళ్లు బయటపెట్టి, దయ్యాల్లా ఉన్నాయి. మనసుపడిన పిల్ల కాదంటే శిల్పి ఆ కోపం రాయి మీద చూపించాడని ఊళ్లో చెప్పుకుంటారు. చరిత్ర తెలిసినవాళ్లు కట్టుకథంటారు. మా దావాల్లాగే, నిజం ఆ రాయికే తెలియాలి.

ఆ ఊరున్న టెక్సాస్ రాష్ట్రంలో 254 కౌంటీలు. చాలాచోట్ల పాత కోర్టుల కప్పులు కారుతుండేవి, ఎత్తైన హాళ్లకు ఫాల్స్ సీలింగు బిగించేశారు. 1998లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే సంస్థ వాటిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకెక్కించింది. మరుసటి ఏడే రాష్ట్రం పథకం పెట్టింది. రాష్ట్రం గ్రాంటు ఇస్తుంది, కౌంటీ తన వాటా వేసుకోవాలి. ఎల్లిస్ కోర్టు బాగుపడింది అలాగే. అంతకన్నా నాకు నచ్చింది అక్కడి చట్టం. పాత కోర్టును కూల్చాలన్నా, అమ్మాలన్నా కౌంటీ ఆరు నెలల ముందే రాష్ట్ర చారిత్రక కమిషన్‌కు తెలపాలి.

మా ఊళ్లో పాత మున్సిఫ్ కోర్టుంది. కొత్త కాంప్లెక్సులోకి మారాక తాళం వేశారు. పెంకులు జారి రికార్డు రూములో వాన పడుతోంది. చేతులు ఆని ఆని నునుపు తేలిన టేకు సాక్షి బోనును కిందటి నెల వరండాలో పడేశారు. కూల్చి షాపులు కడతారట. ఇంతవరకు ఒక్క నోటీసు లేదు.

కొత్త కోర్టు వద్దనను. పిలుపు కోసం ఎండలో చెట్టు కింద నిలబడ్డ కక్షిదారులను చూసినవాణ్ని. కానీ ఐదొందల బాకీ దావాకైనా ప్రతివాదికి సమన్లు పంపుతాం కదా! ఇంజనీరుతో భవనాన్ని పరీక్ష చేయించి, ఆ రిపోర్టు ఊరి ముందు పెట్టి, అభ్యంతరాలకు ఆరు నెలల గడువివ్వాలి. ఈలోగా ఆ బోనునైనా వాన తగలని చోట పెట్టించమని అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి