ఫలక్‌నుమా చాచాకి, మా షెడ్డు నుంచి

మూడు రాత్రులుగా నిద్ర లేదు. ఇప్పుడే స్నానం చేసి కూర్చున్నాను, అయినా చెవుల్లో ఇంకా ప్లైవుడ్ పొడి ఉంది. రేపు రాద్దాంలే అనుకుంటే ఆర్డర్ల గోలలో పడి ఎప్పటికీ రాయనని తెలుసు. అందుకే ఈ కృతజ్ఞతలు ఇప్పుడే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

హైదరాబాద్ కుషాయిగూడలో మాది చిన్న వడ్రంగం షెడ్డు. నాన్న గుమ్మాలు, తలుపులు చేసేవారు. నేను దిగాక మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబులు మొదలుపెట్టాం. ఇన్నేళ్లూ ఒకటే కటింగ్ మిషను. ఇనుప యాంగిళ్ల మీద బల్ల, కింద మోటారు, పైన బ్లేడు, అంతే. గార్డు లేదు. బ్లేడు వెనక నిలబడి కోత మూసుకుపోకుండా ఆపే చిన్న రేకు, రివింగ్ నైఫ్ అంటారు, అదీ లేదు. ఏప్రిల్‌లో మా దగ్గర పనిచేసే కుర్రాడు టేకు చెక్క చీలుస్తుంటే ఆ కోత మూసుకుపోయి బ్లేడుని పట్టేసింది. చెక్క వెనక్కి ఎగిరొచ్చి వాడి పొట్టకి తగిలింది, తూలిపడబోతూ చెయ్యి బల్ల మీద వేశాడు. అరచేతికి తొమ్మిది కుట్లు. వేళ్లు మిగిలాయి, దేవుడి దయ. నాన్న మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు. మళ్లీ పెట్టలేదు.

కొత్త మిషను కొనాలి. ఏది? ఇక్కడే మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి.

నాన్నది క్యాబినెట్ సా పార్టీ, సా అంటే రంపం. బరువైన పోత ఇనుము బల్ల, అడుగున మూసిన ఇనుప పెట్టెలో మోటారు, పక్కన చెక్కని ఆనించడానికి బిగించి పెట్టుకునే సూటి పట్టీ, ఫెన్స్ అంటారు, పది అంగుళాల బ్లేడు. టేకు దూలాన్ని ఫెన్స్‌కి ఆనించి చేత్తో తోసుకుంటూ పోవడమే. అమెరికాలో డెల్టా వాళ్లు 1939లో తెచ్చిన యూనిసా ఈ జాతికి పెద్దన్న లాంటిది. నాది స్లైడింగ్ టేబుల్ సా పార్టీ, మార్కెట్లో ప్యానెల్ సా అంటారు. అందులో బ్లేడు పక్కనున్న బల్ల పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ప్లైవుడ్ షీటు దాని మీద పడుకుని ఉంటుంది, మనం బల్లని తోస్తాం. ఇదేమీ కొత్తది కాదు, బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ 1906లోనే చేశాడట. ఇవన్నీ నిద్ర పట్టక ఫోన్లో చదివిన సంగతులు. ఒంటికి తగిలిన 5 మిల్లీసెకన్లలో బ్లేడు ఆగిపోయే సాస్టాప్ అనే మిషన్ల వీడియోలు కూడా చూశాను. ధర చూసి ఫోన్ బోర్లా పెట్టాను.

షాపుల్లో అడిగితే ఎవరి గోడౌన్‌లో ఏది ఉంటే అదే మంచిదన్నారు. లోను కోసం వెళ్తే ఇంకో కథ. కొటేషన్ మీద 'స్లైడింగ్ టేబుల్' అని చూసి అక్కడి సారు, "టేబుల్ కొనడానికి మూడున్నర లక్షలా? మీరు వడ్రంగులే కదా, చేసుకోలేరా?" అన్నారు. పక్క సీట్లో వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మెట్లు దిగాక మాత్రం కాసేపు బండి మీద ఊరికే కూర్చున్నాను.

ఆ రోజే రాణీగంజ్‌లో, బ్లేడ్లకి సాన పట్టే షాపు ముందు, నాన్నతో ఫోన్లో గట్టిగా వాదించుకుంటున్నాను. లోపల స్టూలు మీద ఒక పెద్దాయన టీ తాగుతున్నారు. తెల్ల గడ్డం, గీతల చొక్కా. నేను ఫోన్ పెట్టగానే, "బేటా, నెలకు ఎన్ని షీట్లు కోస్తవ్? ఎన్ని గుమ్మాలు చేస్తవ్?" అన్నారు. నాకు తెలియదు. నిజంగా తెలియదు! పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. "గది తెల్వకుండ మిషను ఎట్ల కొంటవ్?" అని నవ్వారు. బాలానగర్ వర్క్‌షాపుల్లో జీవితమంతా మిషన్లు బిగించారట. ఇప్పుడు పని మానేసి, ఆ షాపాయన దోస్తు కాబట్టి వచ్చి కూర్చుంటారట. మా అడ్రస్ అడిగారు. మాటవరసకి అడిగారనుకున్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి షట్టర్ ముందు నిలబడి ఉన్నారు. ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి, సికింద్రాబాద్‌లో దిగి, ఈసీఐఎల్ బస్సు పట్టుకుని వచ్చారు. చేతిసంచిలో టేపు, రసమట్టం, సుద్దముక్క, టిఫిన్ డబ్బా. ఆయనే మా ఫలక్‌నుమా చాచా, డెబ్బై దాటిన మనిషి.

ముందు బిల్లులు తీయించారు. ఆరు నెలల్లో 212 షీట్లు, తొమ్మిది గుమ్మాలు. నాన్న ఆ కాగితం రెండుసార్లు చూసుకున్నారు. ఆ తర్వాత చాచా నేల ఊడ్పించి సుద్దతో గీశారు. డీలర్ ఇచ్చిన స్కెచ్‌లో మిషను షెడ్డుకి అడ్డంగా ఉంది. గీత గీశాక ఎనిమిది బై నాలుగు షీటు ఒకటి నా చేతికీ, మా తమ్ముడి చేతికీ ఇచ్చి, కోస్తున్నట్టే నడవమన్నారు. బ్లేడు గుర్తు దగ్గరికి రాకముందే నా వీపు గోడకి తగిలింది. "మిషను జాగ అడుగుతలేదు బేటా, షీటు అడుగుతది" అన్నారు. 3200 మిల్లీమీటర్ల బల్ల బ్లేడుకి అవతల ఎంత పోతుందో ఇవతలకీ అంత రావాలి. మొత్తం 22 అడుగులు కావాలి, మా షెడ్డు వెడల్పు 20. పొడుగునా తిప్పి గీశారు, జిగురు బల్ల బయటికి పంపించారు, సరిపోయింది. డీలర్ మాట వినుంటే మిషను దిగాక తల పట్టుకునేవాళ్లం.

1600 మిల్లీమీటర్ల బల్ల ఉన్న చిన్న మోడల్ అయితే జాగా గొడవ ఉండదు కదా అన్నాను. ఎనిమిదడుగుల షీటు అంటే 2440 మిల్లీమీటర్లు, ఒక్క తోపులో తెగదు, మధ్యలో మళ్లీ పట్టుకోవాలి, అక్కడే గీత వంకర పోతుంది అన్నారు.

నాన్న మాత్రం ఇంకా మెత్తబడలేదు. "మరి టేకు?" అన్నారు. వంకర అంచున్న చెక్కకి క్యాబినెట్ సా మీద మొదటి సూటి అంచు తీయాలంటే ముందు చిత్రిక పట్టాలి, లేదా దాని కింద ఒక పట్టీ బిగించాలి. స్లైడింగ్ టేబుల్ సా మీద అదే చెక్కని బల్లకి క్లాంపుతో బిగించి తోస్తే చాలు, అంచు దానంతటదే సూటిగా వస్తుంది, ఆ అంచుని ఫెన్స్‌కి పెట్టి మిగతాది చీల్చుకోవచ్చు. చాచా ఇది నోటితో చెప్పలేదు. పాత టేకు ముక్క ఒకటి తెచ్చి, ప్లై ముక్కకి బిగించి, సుద్దగీత మీద తోసి చూపించారు. సన్నని బీడింగులు చీల్చే పనికి మాత్రం క్యాబినెట్ సానే హాయి అని ఒప్పుకున్నారు. నాన్న వెళ్లి ఆయనకి మంచినీళ్లు తెచ్చారు. మా ఇంట్లో అది ఓటమి ఒప్పుకోవడం.

ఆర్డర్ పెట్టాం. ఇక పెద్ద మోటారుకి కావాల్సిన త్రీ ఫేజ్ కరెంటు కనెక్షన్. 41 రోజులు పట్టింది. సారు ఫీల్డ్‌కి వెళ్లారు, సారు మీటింగ్‌లో ఉన్నారు, ఈ కాగితం జిరాక్స్ సరిగా లేదు. ఒక కాగితం మీద స్టాంపు వేయడానికి 11 సార్లు తిరిగాను. ఇది కృతజ్ఞతలు చెప్పడానికి రాస్తున్నది, తిట్టడానికి కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను. పని ఇచ్చే షెడ్డుకి కరెంటు ఇవ్వడానికి 41 రోజులు ఏంటండీ అసలు!

మొన్న రాత్రి పదిన్నరకి లారీ వచ్చింది. వర్షం. టన్నుకి దగ్గర బరువు. బిగించడానికి వస్తానన్న డీలర్ మనిషి ఫోన్ స్విచాఫ్. డ్రైవర్ గంటలో దించుకోకపోతే వెనక్కి తీసుకుపోతానన్నాడు. ఏం చేయాలో అడుగుదామని మాత్రమే చాచాకి ఫోన్ చేశాను, ఒట్టు. పన్నెండుకి ఆటోలో దిగారు, చైన్ పుల్లీ, మూడు ఇనుప పైపు ముక్కలు పట్టుకుని. ఆటో డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. వానలో తడుస్తూ "ఆహిస్తా, ఆహిస్తా" అంటూ, పైపుల మీద దొర్లించుకుంటూ, ఒక్క గీత పడకుండా మిషనుని సుద్ద గుర్తు మీదికి తెచ్చారు. తెల్లవారేదాకా రసమట్టం పెట్టి కాళ్లు సర్దారు.

పొద్దున మెయిన్ బ్లేడు ముందుండే చిన్న బ్లేడుని సెట్ చేశారు. స్కోరింగ్ బ్లేడు అంటారు. పెద్ద బ్లేడు పళ్లు పైనుంచి కిందికి దిగుతాయి కాబట్టి షీటు అడుగు వైపు సన్‌మైకా పెచ్చులు లేస్తుంది. ఈ చిన్నది ఎదురు తిరుగుతూ, అడుగున ఒకటి రెండు మిల్లీమీటర్ల గాడి ముందే గీసి పెడుతుంది. ఆ గాడి పెద్ద బ్లేడు దారికి వెంట్రుకవాసి పక్కకి పోయినా లాభం లేదు. తెల్ల లామినేట్ ముక్క కోయడం, తిరగేయడం, కళ్లు మూసుకుని బొటనవేలి గోరు అంచు మీద నడిపించడం, మళ్లీ స్క్రూ తిప్పడం. పదిహేను ముక్కలు పాడయ్యాయి. పదహారో దాని మీద గోరు ఎక్కడా ఆగలేదు. నా వేలు కూడా పట్టుకుని నడిపించారు.

నన్ను పడగొట్టింది అది కాదు. మా కుర్రాడు ఏప్రిల్ నుంచి ఎక్కడ ఏ మిషను సౌండు వచ్చినా బయటికి పోతున్నాడు. ఆ పొద్దున కూడా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చాచా వాడి భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చి, బ్లేడుకి ఎడమ పక్కన నిలబెట్టారు. "గీడ నిలబడాలె. ఎనక కాదు. చెక్క ఎగిరినా నీ పక్కకెళ్లి పోతది" అన్నారు. తన కుడి చెయ్యి వాడి ముందు తెరిచి పెట్టారు. చివరి రెండు వేళ్లు సగం వరకే ఉన్నాయి. ఇన్ని రోజులు ఆయనతో తిరిగాను, టీ అందించాను, నేను గమనించలేదు. "నాకు ఎవ్వరు చెప్పలే" అన్నారు అంతే. వాడు బల్ల తోశాడు. నేను నీళ్ల బాటిల్ కోసమన్నట్టు బయటికొచ్చి, వర్షంలో నిలబడి ఏడ్చాను.

డబ్బు తీసుకోలేదు. జేబులో పెట్టబోతే కోపం వచ్చింది. చెత్తలో పడేసిన టేకు ముక్క ఒకటి చూపించి, "ఇది పారేస్తవా?" అని అడిగి తీసుకున్నారు. మనవరాలు చదువు మొదలుపెట్టిందట, దానికి రెహల్, అంటే ఖురాన్ పెట్టుకుని చదివే చెక్క పీట, చేస్తారట.

ఇంట్లో వాళ్ల సంగతి. మా ఆవిడ గాజులు తాకట్టులో ఉన్నాయి, తమ్ముడు చిట్టీ ఎత్తి ఇచ్చాడు, అమ్మ అందరికీ వండిపెట్టింది. వాళ్లకి థాంక్స్ చెప్తే తిడతారు.

ఎలక్ట్రీషియన్ అన్నని మర్చిపోయాను, ఆదివారం పూట వచ్చి వైరింగ్ చేశాడు. ఎదురు కిరాణా ఆంటీ, లారీకి దారి కోసం అర్ధరాత్రి నిద్ర లేచి తన స్కూటీ తీసింది. లారీ డ్రైవర్ కూడా, గంట అన్నవాడు మూడు గంటలు ఉన్నాడు, పైపులు కూడా తోశాడు. నల్లగండ్ల కస్టమర్ మేడమ్, కిచెన్ రెండు నెలలు లేటైనా అడ్వాన్స్ వెనక్కి అడగలేదు, సోమవారం మొదటి షీటు మీదే. కరెంటు ఆఫీసులో అటెండర్ ఒకాయన ఏ టేబుల్ మీద ఫైలు ఆగిందో చెవిలో చెప్పాడు, ఆయనకి కూడా. ఇంకా ఎవరో ఉన్నారు, గుర్తొస్తే కింద కలుపుతాను.

చాచా, మీకు తెలుగు చదవడం రాదన్నారు, మీ మనవడు చదివి వినిపిస్తాడని రాస్తున్నాను. మీ రసమట్టం మా మిషను బల్ల మీదే ఉండిపోయింది. ఆదివారం నాన్నని తీసుకుని ఫలక్‌నుమా వస్తున్నాను.